దుబాయి లారీ, ఎమ్మిగనూరు చక్రం

"నేరస్థులారా, వణకండి! ఆదోనిలో సేతుమాధవరావు అనే మహామేధావి మేలుకొని ఉన్నాడు!"

గడ్డం గీసుకుంటూ రోజూ ఆయన అద్దంతో అనే మాట ఇది. మూడేళ్లుగా హిందీ పాఠాలతోపాటు డిటెక్టివ్ పని కూడా చేస్తున్నాడు. ఇంతవరకు తేల్చిన కేసులు సున్న. ఆ సంగతి తెలుసు కాబట్టే అద్దంతో తప్ప ఎవరితోనూ ఈ మాట అనేవాడు కాదు.

1984లో ఒక శనివారం, పత్తి వ్యాపారి సుబ్బరామయ్య భార్య ప్రభావతి పరుగున వచ్చింది.

"అయ్యవారూ, మా అన్న దుబాయి నుంచి తెచ్చిన రిమోటు బొమ్మ లారీ అద్దాల బీరువాలో లేదు! రేపు అన్న వస్తాండాడు. యాడుందని చెప్పేది?"

"ఇంకేమైనా పోయినాయా?"

"గొడుగు కమ్మి ఒకటి, హవాయి చెప్పు ఒకటి."

"ఒకటే చెప్పా?" సేతుమాధవరావు కళ్లు మూసుకున్నాడు. "అర్థమైంది. ఒంటికాలి గూఢచారి! కమ్మి వాడి వైర్‌లెస్‌కు!"

"ఈ ఒక్క కేసన్నా తేల్చండి సామీ. మీకు చేతకాదని బజారంతా నవ్వుతాంది."

ఆ మాట ఆయనకు చురుక్కుమంది. ఒక్కటంటే ఒక్క కేసు తేలితే చాలు, బజారులో తలెత్తుకు తిరగవచ్చు.

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి సుబ్బరామయ్య చంకలో మూటతో ఎమ్మిగనూరు బస్సెక్కుతూ కనిపించాడు. సేతుమాధవరావు పెట్టుడు మీసం అంటించుకొని వెనక సీట్లో కూర్చున్నాడు.

"అయ్యవారూ, మీసం ఊడిపోతాంది, పట్టుకోండి," అన్నాడు కండక్టరు.

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో మాదన్న రేడియో రిపేరు అంగడి. అక్కడ సుబ్బరామయ్య, మాదన్న ఎదురెదురుగా కూర్చొని ఒకే తువ్వాలు కింద చేతులు పెట్టారు. ఆదోని పత్తి మార్కెట్లో బేరమంటే ఇంతే. మూడోవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు.

"లారీని అమ్మేస్తున్నాడు! సొంత ఇంటికే కన్నం!" అనుకున్నాడు సేతుమాధవరావు.

బేరం కనిపెడదామని డిటెక్టివ్ దూకి, తనూ చెయ్యి దూర్చాడు. వేలు దేనికో అతుక్కుపోయింది.

"అయ్యో, బంక ఆరలేదప్పా! దుమ్ము పడకూడదని కప్పింటిమి!" అని అరిచాడు మాదన్న.

తువ్వాలు కింద దుబాయి లారీ ఉంది. నూలు చుట్టే కండెను కోసి చేసిన చక్రం, దానికి హవాయి చెప్పు ముక్క టైరు, గొడుగు కమ్మి ఇరుసు.

"నేనే అయ్యవారూ," అన్నాడు సుబ్బరామయ్య దీనంగా. "నడిపి చూద్దామని తీసి, దాని మీదే కూర్చుంటిని. అన్నీ అమర్చినా కదలదు."

సేతుమాధవరావు వేలు లాగాడు. వేలితోపాటు లారీ లేచింది, బ్యాటరీలు రాలాయి. ఆయన సిగ్గుపడి, వాటిని ఎలాపడితే అలా దూర్చేశాడు. సుబ్బరామయ్య బొటనవేలు రిమోటు మీదే ఉంది. లారీ రయ్యిమంది. దాని వెనకే డిటెక్టివ్ వంగి వీధి చివరిదాకా పరుగెత్తాడు.

"బ్యాటరీలు తిరగేసి పెట్టింటినప్పా!" అని మాదన్న నెత్తి కొట్టుకున్నాడు.

కిరసనాయిలు పూసి వేలు విడిపించారు. కేసు తేలింది! సేతుమాధవరావు రొమ్ము విరుచుకునేలోగా సుబ్బరామయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు.

"ప్రభావతికి చెప్పద్దు సామీ. వాళ్లన్న నవ్వితే నేను తట్టుకోలేను."

నలుగురూ నవ్వితే ఎలా ఉంటుందో సేతుమాధవరావుకు మూడేళ్లుగా తెలుసు. సరేనన్నాడు.

ఆదివారం ప్రభావతి అన్న వచ్చి లారీని ఇల్లంతా తిప్పి, బూటు పాలిషు పూసిన కండె చక్రాన్ని తట్టి, "ఎంతైనా దుబాయి సరుకు!" అని మురిసిపోయాడు.

"లారీ దానంతట అదే బీరువాలోకి వచ్చె. దొంగ ఎవరు అయ్యవారూ?" అని అక్కడికి వచ్చిన డిటెక్టివ్‌ను అడిగింది ప్రభావతి.

"తెలియలేదమ్మా. నా చేత కాలేదు."

"నేననుకుంటానే ఉండా."

ఇంతలో సుబ్బరామయ్య స్వయంగా కాఫీ తెచ్చి, రెండు చేతులతో డిటెక్టివ్‌కు అందించాడు. పెళ్లయినప్పటినుంచి ఆయన వంటింటి గడప తొక్కింది లేదు. ప్రభావతి నోరు తెరిచింది.

"ఈయనకు ఏమైందప్పా? ఇదన్నా తేల్చండి!"

సేతుమాధవరావు కాఫీ తృప్తిగా ఒక గుక్క తాగాడు.

"ఇదీ నా చేత కాదమ్మా," అన్నాడు.