రెండు కాళ్లు, నలభై మంది ముద్దాయిలు

ఉదయం పదిన్నరకు తిరుపాలరెడ్డి గారి కుడికాలు ఆయన మాట వినడం మానేసింది. పదకొండుకు ఎడమకాలు దానికి సంఘీభావం ప్రకటించింది. మూడింటిలోగా జమ్మలమడుగులో నామినేషన్ వేయవలసిన అభ్యర్థి, ప్రొద్దుటూరులోని నారాయణ డాక్టరు మంచం మీద నడుము కింద స్పర్శ లేకుండా పడి ఉన్నారు.

పార్టీ వెంటనే స్పందించింది. పెద్ద డాక్టరును పిలుచుకురావడానికి ఒక జీపు, పగ తీర్చుకోవడానికి నాలుగు జీపులు సిద్ధమయ్యాయి.

పెంచలయ్యను కూడా పిలిపించారు. పోలీసు ఫిర్యాదులు రాయడంలో ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం. కొట్టింది ఒక్కడే అయినా ఎదుటి పార్టీలో నలభై పేర్లు, తండ్రి పేర్లతో సహా రాయాలి. అది మర్యాద. ఆయన జాబితాలో పద్నాలుగో ముద్దాయి చనిపోయి ఆరేళ్లయింది. అయినా ప్రతి దాడిలోనూ చురుగ్గా పాల్గొంటూనే ఉన్నాడు.

"మామా, ఫస్టు పేరు ముద్దనూరు వెంకటేశుది రాయి," అన్నాడు రెడ్డిగారి కుడిభుజం గోవిందు. "నిన్న కాన్వాసింగులో అన్నకు సోడా ఇచ్చింది వాడే. దాంట్లోనే ఏందో కలిపినాడు."

పెంచలయ్య కలం ఆగిపోయింది. వెంకటేశు ఆయన చెల్లెలు మునెమ్మ మొగుడు. మొదటి ముద్దాయి ఇంటికి మొదటి జీపు పోవడం పార్టీ ఆచారం.

"ఆ సోడా నేనూ తాగినా గదప్పా!"

"నీ కాళ్లు ఎవురిక్కావాల మామా?"

ఇంతలో పులివెందుల నుంచి డాక్టర్ నిర్మలమ్మను సకల గౌరవాలతో, అటొకడు ఇటొకడు కూర్చుని తీసుకొచ్చారు. ఆమె రెడ్డిగారి అరికాళ్లు గీకి చూసింది. చెత్తబుట్టలోంచి ఖాళీ సీసా తీసి చూసింది.

"నడుం నొప్పికి ఈ సూది వెన్నులో వేశారా? ఎక్స్‌రే తెర మీద సూది ఎక్కడుందో చూసుకోకుండానే?"

నారాయణ డాక్టరు వినయంగా తల దించాడు. "ఆర్నెల్లలో ఈయనకు ఇది ఏడో సూది మేడమ్. ఆరు బాగా పనిచేసినాయి."

"పాలలా ఉండే ఈ స్టెరాయిడ్‌లో సన్నటి పొడి ఉంటుంది. అది రక్తనాళంలోకి పోతే వెన్నుపాముకు రక్తం అందదు. కాళ్లు పడిపోయింది అందుకే అనుకుంటాను. వెంటనే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోండి."

"జీపులు ఖాళీ లేవు మేడమ్," అన్నాడు గోవిందు. "అయినా, సూదిది ఏ పార్టీ? దాని తండ్రి పేరేంది?"

నారాయణ పేరు రాద్దామని పెంచలయ్య నసిగాడు. వాకిట్లో ఉన్న అరవై మంది కార్యకర్తలూ మండిపడ్డారు. వాళ్లందరి నడుములూ మోకాళ్లూ నారాయణ సూదుల చలవతోనే నడుస్తున్నాయి. ఎన్నికల ముందు ఆయన్ను పోగొట్టుకుంటే జీపుల్లో కూర్చోగలిగేదెవరు? గోవిందుకైతే సాయంత్రం నాలుగుకు భుజం సూది ఉంది.

బయట జీపులు స్టార్టయ్యాయి. పెంచలయ్య పరుగున పోయి, మంచం పక్కన కూర్చున్న రెడ్డిగారి భార్య పద్మావతమ్మ ముందు చేతులు జోడించాడు.

"అమ్మా, మునెమ్మ నీ చేతికింద పెరిగిన బిడ్డ. దాని మొగుని పానం పోతాంది. పొద్దున ఏం జరిగిందో నువ్వన్నా చెప్పు."

పద్మావతమ్మ లేచి నిలబడింది.

"ఏం జరిగేది? ఈసారి వద్దు, బెంగుళూరులో చూపించుకో అని నారాయణప్ప మొత్తుకున్యాడు. ఈ మనిషి వింటేనా? 'నామినేషన్ ఉండాది, డబల్ ఏయి' అని తుపాకి తీసి బల్ల మీద పెట్టె. రాసుకో పెంచలయ్యా. ఫస్టు ముద్దాయి ఈయప్పే."

గోవిందు చిరునవ్వు నవ్వాడు. "'ఈయప్ప' అంటే కేసు నిలబడదమ్మా. పేరు కావాల."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో పద్మావతమ్మ మొగుడి పేరు నోటితో పలకలేదు. ఓటర్ల జాబితా వాళ్లు అడిగితే గోడ మీది పోస్టరు చూపించేది. మొదటి జీపు గేటు దాటబోతోంది.

ఆమె కదలని ఆ రెండు కాళ్ల వైపు చూసింది. కొంగు తలమీదికి లాక్కుంది. వాకిలంతా వినపడేట్టు అరిచింది.

"తిరుపాలరెడ్డి! తండ్రి వెంకటసుబ్బారెడ్డి!"

జీపులు ఆగిపోయాయి. అరవై మందీ చెవులు మూసుకున్నారు. ఎన్నో తలలు తెగిపడిన ఈ గడ్డ మీద, కట్టుకున్నది మొగుడి పేరు పలకడమంతటి ఘోరం ఎన్నడూ జరగలేదని ముక్తకంఠంతో ఖండించారు.