రివర్స్ గేరులో ప్రార్థన

అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అబద్ధమాడినట్టా, కాదా అన్న సందేహం కళ్ళజోళ్ళాయనను ఏళ్ళ తరబడి వేధిస్తోంది.

ఆయనకో చిన్న కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకునేవాళ్ళు "నాకు నప్పిందా?" అని అడిగితే ఉన్న మాట చెప్పేస్తాడు. అడక్కపోతే నోరు మెదపడు. మెదిపితే బేరం గోవిందా. ఇది తప్పా, ఒప్పా అని రోజూ పొద్దున్నే దేవుడి పటం ముందు నిలబడి అడుగుతాడు. దేవుడు ఇంతవరకూ పలకలేదు. అడిగినదానికే ఆయన జవాబు చెప్పనప్పుడు, అడగనిదానికి నేను చెప్పకపోతే ఏం కొంప మునిగిందని ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించిన మరుక్షణం లెంపలు వేసుకుంటాడు.

సందేహం దుకాణంలో ఉన్నన్నాళ్ళు ఎవరికీ నష్టం లేకపోయింది. అది కారెక్కింది. చిక్కు అక్కడ మొదలైంది.

కారు కొన్న నాటి నుంచీ ఆయన బావమరిది దానికి నగలు చేయిస్తూనే ఉన్నాడు. ఫోన్లు బాగుచేసే కుర్చీలో కూర్చుని కార్ల గురించి కలలు కనే మనిషి. ఇంట్లో అందరూ అతన్ని జిలుగు అంటారు. కంపెనీవాళ్ళు పెట్టిన ముందు లైట్లు గుడ్డిగా ఉన్నాయని తెల్లటి లైట్లు పెట్టాడు. అవి వేస్తే ఎదుటి వీధిలో పడుకున్న కుక్కలు తెల్లారిందనుకుని లేచేవి. కంపెనీ హారన్ పిల్లి తుమ్మినట్టుందని జంట హారన్ బిగించాడు. అది ఓడ రేవు వదులుతున్నట్టు మోగేది. సీట్ల కింద నీలం లైట్లు పెట్టాడు. ఎందుకని అక్క అడిగితే, "కాళ్ళు కనపడతాయక్కా" అన్నాడు. కాళ్ళు ఎక్కడికి పోతాయని ఆవిడ మళ్ళీ అడిగింది.

నాలుగో నగ మాత్రం కళ్ళజోళ్ళాయన కోరి చేయించుకున్నది. రివర్స్ గేరు వేయగానే డాష్‌బోర్డు కింద చిన్న స్పీకరులోంచి ప్రార్థన వినిపిస్తుంది. అదీ ఆయన గొంతుతోనే. "ముందుకు వెళ్ళేటప్పుడు మనం చూసుకుంటాం. వెనక్కి వెళ్ళేటప్పుడు దేవుడే చూసుకోవాలి" అని ఆయన వాదన. గేరు వేసిన ప్రతిసారీ ప్రార్థన మొదటి నుంచి మొదలయ్యేది. కారు వెనక్కి తీయడానికి పట్టేది కాసేపే కాబట్టి మొదటి రెండు పాదాలు దాటి విన్నవాళ్ళు లేరు, పాడిన ఆయనతో సహా.

అంతా బాగుండగా ఒకరోజు డాష్‌బోర్డు మీద నారింజ రంగు ఇంజిన్ దీపం వెలిగింది.

మొదటి రోజు దానికి దండం పెట్టాడు. రెండో రోజు దాని మీద కళ్ళజోడు తుడిచే గుడ్డ కప్పాడు. మూడో రోజు కారు ఎత్తు ఎక్కలేక దగ్గడం మొదలుపెట్టింది. వారంటీ ఆ నెలాఖరుతో సరి. పైగా ఆదివారం నాడు పక్క ఊరికి వెళ్ళి, కంటి ఆపరేషన్ చేయించుకున్న అత్తగారిని ఇంటికి తీసుకురావాలి. ఆవిడకు బస్సు కుదుపు పనికిరాదని డాక్టరు చెప్పాడు. అల్లుడి కారు ఉందిగా అని ఆవిడ ఊరంతా చెప్పింది.

భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను ఆపకుండానే తీర్పు చెప్పింది.

"వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయండి. లైట్లు మార్పించాం, హారన్ పెట్టించాం అని. తింటారా ఏమన్నా?"

"నన్ను తినరు. వారంటీని తింటారు. బయటి సామాను పెడితే వారంటీ వర్తించదని అందరూ అంటున్నారు."

"అందరూ అంటే మా తమ్ముడేగా."

"వాడు కాక కార్ల సంగతి ఇంకెవరికి తెలుసు?"

"వాడికి తెలిస్తే దీపం ఎందుకు వెలిగింది?"

ఆయన ఉపాయం అప్పటికే తయారై ఉంది. బిగించినవన్నీ విప్పేసి, పాతవి పెట్టేసి, కారును కొన్న రోజున ఎలా ఉందో అలా తీసుకెళ్ళి అప్పగించడం. వాళ్ళు అడగరు. మనం చెప్పం. అబద్ధం ఎక్కడుంది? చెబుతుంటేనే ఆయన కళ్ళు మెరిశాయి. ఇంత తెలివి తనలో ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఆయనకే తెలియలేదు.

ఆవిడ మిషను ఆపింది. "సరే, మీ ఇష్టం" అంది.

ఆవిడ నోట ఆ మాట వచ్చిందంటే, ఇష్టం ఎవరిదో అప్పటికే తేలిపోయిందని అర్థం. కాపురం మొదలైన నాటి నుంచీ అదే వరస. అయినా ఆయన ప్రతిసారీ గెలిచాననే అనుకుంటాడు.

గురువారం సాయంత్రం దుకాణం తొందరగా మూసి, అపార్ట్‌మెంటు కింద స్తంభం పక్కన బావా బావమరుదులు పని మొదలుపెట్టారు. ఎవరన్నా చూస్తారేమోనని కారు మీద దుప్పటి కప్పి, దాని కింద దూరారు. పై అంతస్తు పెద్దమనిషి కిందికి దిగి, దుప్పటిలోంచి పొడుచుకొచ్చిన నాలుగు కాళ్ళు చూసి, ఏమీ అడక్కుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"బావా, ఈ పచ్చ ప్లగ్గు నాదా, కంపెనీదా?" అన్నాడు జిలుగు సీటు కింది నుంచి.

"బిగించింది నువ్వు. నన్నడుగుతావేం?"

"బిగించేటప్పుడు హుషారులో ఉన్నా బావా. విప్పేటప్పుడు గుర్తు రావట్లేదు."

అని పచ్చ ప్లగ్గు లాగేశాడు. అది కంపెనీదే. హారన్ తీగ ఒకటి ముడిపడి రాకపోతే బ్లేడుతో కోశాడు. కోశాక, అందులో రెండు తీగలున్నాయని ఇద్దరికీ తెలిసింది. పాత ముందు లైట్లు తిరిగి పెట్టారు. వేసి చూస్తే ఒకటి నేలను వెతుకుతోంది, ఇంకోటి చుక్కలు లెక్కపెడుతోంది.

చివరికి జిలుగు చెయ్యి ప్రార్థన పెట్టె దగ్గరికి వెళ్ళింది. "ఇదీ పీకేయనా బావా?"

కళ్ళజోళ్ళాయన చెయ్యి గబుక్కున అడ్డం పెట్టాడు. దేవుణ్ణి పీకడమేమిటి? లైట్లు మనిషి సోకు, హారన్ మనిషి గర్వం. ప్రార్థన అలాంటిది కాదు. పైగా రివర్స్ వేస్తేనే కదా అది మోగేది. సర్వీసు సెంటరులోకి ఒక గేటు నుంచి వెళ్ళి ఇంకో గేటు నుంచి రావచ్చు. వెనక్కి తీసే అవసరమే రాదు. ఇది ఉపాయంలో ఉపాయం. దేవుడికీ వారంటీకీ ఒకేసారి న్యాయం చేసినందుకు ఆయన గుండె ఉప్పొంగింది.

తాళం తిప్పి చూశాడు. పొద్దుటి దాకా ఒంటరిగా వెలిగిన నారింజ దీపానికి ఇప్పుడు బంధుబలగం వచ్చింది. ఎర్రది, పచ్చది, ఇంకో ఎర్రది, ఆశ్చర్యార్థకం గుర్తుతో ఒకటి. డాష్‌బోర్డు కళకళలాడిపోతోంది. దుప్పటి మడిచేసరికి జిలుగు జాడ లేదు.

శుక్రవారం భార్య తానూ వస్తానంది. చేతి సంచిలో లంగా అంచు కుట్టు పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. దీపాల వంక ఒకసారి చూసి, "వెలుగు బాగుందండీ" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఆయనకు అదే భయంగా అనిపించింది.

సర్వీసు సెంటరులో బల్ల వెనక ఉన్నతను చాలా మర్యాదస్తుడు. ఏం చెప్పినా "చూస్తాం సార్" అంటాడు. అందుకే వీళ్ళింట్లో అతని పేరు చూస్తాంసార్. దీపాల సంగతి చెబితే చూస్తాం సార్ అన్నాడు. దగ్గు సంగతి చెబితే చూస్తాం సార్ అన్నాడు. తర్వాత పెన్ను పక్కన పెట్టి, కళ్ళజోళ్ళాయన కళ్ళలోకి తిన్నగా చూసి, "ఇంకేమన్నా చెప్పాల్సింది ఉందా సార్?" అన్నాడు.

ఇది అడగడమే కదా అని కళ్ళజోళ్ళాయన లోపల ఎవరో అన్నారు. ఇది మామూలుగా అందరినీ అడిగేదే, ప్రశ్న కిందికి రాదు అని ఇంకెవరో అన్నారు. రెండోవాళ్ళ గొంతే పెద్దదిగా ఉంది.

"ఏం లేదండీ" అన్నాడు.

పక్కన సూది ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

మెకానిక్ కారును లోపలికి తీసుకెళ్ళాడు. కూర్చునే గదికీ పని జరిగే చోటుకూ మధ్య అద్దం గోడ, పక్కనే తెరిచిన తలుపు. కళ్ళజోళ్ళాయన కుర్చీ అంచున కూర్చుని రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కారు ఒక గేటు నుంచి వచ్చింది, ఇంకో గేటు వైపే ముఖం పెట్టి నిలబడింది. అంతా అనుకున్నట్టే ఉంది. ఊపిరి పీల్చుకుని మనసులోనే దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాడు.

దేవుడికి వినపడినట్టుంది. కళ్ళజోళ్ళాయన గొంతుతోనే బదులిచ్చాడు.

వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడటానికి, మెకానిక్ ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి, రివర్స్ గేరులో వేసి కారు వెనక్కి నడిచాడు. కారు కదలదు. గేరు మారదు. ప్రార్థన మొదటి పాదం దాటింది, రెండోదీ దాటింది. ఇన్నాళ్ళూ లోకం వినని మూడో పాదంలోకి, అక్కడి నుంచి శ్రుతి తప్పిన నాలుగో పాదంలోకి వెళ్ళింది. పని చేస్తున్నవాళ్ళు చేతిలో సామాను దించి నిలబడ్డారు. ఒకతను టోపీ తీశాడు. చూస్తాంసార్ కూడా లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. కళ్ళజోళ్ళాయన ఒక్కడే పరుగు తీయబోయి, ప్రార్థన మధ్యలో పరుగెత్తడం పాపమని గుర్తొచ్చి, ఒక కాలు ముందుకు వేసిన బొమ్మలా ఆగిపోయాడు.

ప్రార్థన అయిపోయింది. అందరూ కదలబోయారు. రికార్డు మాత్రం అయిపోలేదు. పాడటం ముగించిన రోజున రికార్డింగు ఆపడం ఆయన మరిచిపోయాడు.

స్పీకరులోంచి భార్య గొంతు స్పష్టంగా వచ్చింది. "ఏమండీ, ఆ లైట్లూ హారనూ పెట్టించారని కారు కంపెనీవాళ్ళకి చెప్పారా?"

వెంటనే ఆయన గొంతు, భక్తి ఇంకా ఆరని గొంతు. "అడిగితే కదే చెప్పడం."

టోపీ తీసినతను మళ్ళీ పెట్టుకున్నాడు.

చూస్తాంసార్ గొంతు సవరించుకున్నాడు. "అడిగాను కదా సార్" అన్నాడు మెల్లగా.

కళ్ళజోళ్ళాయన నేల చూపులు చూశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత దేవుడు సందేహం తీర్చాడు. కాస్త ఏకాంతంలో తీర్చి ఉంటే బాగుండేదనిపించింది. "పెట్టించామండీ. లైట్లు, హారను, సీట్ల కింద నీలం లైట్లు. నిన్ననే విప్పేశాం. తప్పు నాదే" అన్నాడు.

"తెలుసు సార్. మేడమ్ మంగళవారమే ఫోన్ చేసి అన్నీ చెప్పారు."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ దారం కొరికి, సూది జాకెట్టుకు గుచ్చుకుంది.

అసలు సంగతి చూస్తాంసార్ నోటి నుంచే బయటపడింది. బయటి సామాను పెట్టారు కాబట్టి వారంటీ కుదరదని మొదట అతనూ అన్నాడట. ఆవిడ ఊరుకోలేదు. చొక్కాకి గుండీలు మారిస్తే ప్యాంటు చిరుగుతుందా అని అడిగింది. హారన్‌కీ దగ్గుకీ సంబంధం ఏమిటో చూపించి అప్పుడు కాదనమంది. చూపించలేక అతను పై అధికారిని అడిగాడు. ఆయనకూ సంబంధం దొరకలేదు. పొగ గొట్టంలో ఉండే సెన్సరు చెడితే ఇలాగే దగ్గుతుందనీ, అదే అయితే ఉచితంగా మారుస్తామనీ, కారును ఉన్నదున్నట్టు తీసుకురమ్మనీ చెప్పారు. ఇప్పుడు మెకానిక్ చూస్తే చెడింది సెన్సరే.

"మరి ఇన్ని దీపాలు?" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"బిగించినవాటి వల్ల ఏమీ చెడలేదు సార్. విప్పడం వల్లే చెడింది. సెన్సరు మాది. కోసిన తీగలు మాత్రం మీవే."

ఆయన బేరం ఆడలేదు. చూస్తాంసార్ లోపలికి వెళ్ళాక భార్య పక్కన కూలబడ్డాడు.

"ఫోన్ చేశానని ఒక్క మాట చెప్పకూడదటోయ్?"

"మీరు అడిగితే కదండీ చెప్పడం" అంది ఆవిడ.

శనివారం సాయంత్రానికి కారు తయారైంది. దీపాలన్నీ ఆరిపోయాయి. దగ్గు పోయింది. మెకానిక్ తాళం తెచ్చి అలవాటుగా మగవాడి చేతిలో పెట్టాడు. ఆయన డ్రైవరు సీటు వైపు నాలుగడుగులు వేసి ఆగాడు.

చాలా ఏళ్ళ కింద ఇద్దరూ ఒకేసారి డ్రైవింగు నేర్చుకున్నారు. ఆవిడ మొదటి పరీక్షలోనే నెగ్గింది. ఆయన తప్పుతూనే పోయాడు. తన వంతు మిగిలిన పాఠాలు ఆవిడ ఆయనకు ఇచ్చేసింది. ఆ పాఠాలతోనే ఆయన గట్టెక్కాడు. కారు కొన్నాక మొదటి దూర ప్రయాణం నీ చేతి మీదుగానే అని ఆ రోజు మాట ఇచ్చాడు. కారు వచ్చింది, ఏళ్ళు గడిచాయి, ఆ సీటు ఆయన ఒక్కసారీ ఖాళీ చేయలేదు. ఆవిడ ఎప్పుడూ అడగలేదు. అడగలేదు కదా అని ఆయనా చెప్పలేదు.

వెనక్కి వచ్చి తాళం చాచాడు. "రేపు మీ అమ్మను తీసుకొచ్చేది నువ్వే. ఇవాళ ఇంటి దాకా చెయ్యి అలవాటు చేసుకో. ఆ పాఠాలు నీవి. నా దగ్గర ఉండిపోయాయి."

"ఇప్పుడెవరు అడిగారు?" అంది ఆవిడ.

"ఎవరూ అడగలేదు."

ఆవిడ తాళం అందుకుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు తన ఎత్తుకు సరిచేసుకుంది. ఎదురుగా ఇంకో కారు ఆగి ఉంది. అందుకని రివర్స్ గేరు వేసింది. డాష్‌బోర్డు కింద ప్రార్థన మొదలైంది. కళ్ళజోళ్ళాయన పక్క సీట్లో బెల్టు పెట్టుకుని, చేతులు జోడించి, ఈసారి పాటతో గొంతు కలిపాడు. కారు తిన్నగా, ఎక్కడా తగలకుండా, మొదటి పాదం ముగిసేలోపే రోడ్డెక్కింది.