తగిలితే చెయ్యెత్తే మగాడు

కాపురాలు చల్లగా ఉండాలంటే దేశంలో ప్రతి మొగుడి చేతికీ ఒక బొమ్మ తుపాకీ ఇవ్వాలి! నవ్వకండి. మా చిబా జిల్లాలో, మా పక్కింటి ఇసొగాయ్‌ని చూశాకే ఈ మాట అంటున్నాను.

బొమ్మ తుపాకులతో ఉత్తుత్తి యుద్ధం చేసే ఈ ఎయిర్‌సాఫ్ట్ ఆటకి ఖర్చు లేదనను. తుపాకీ కొంటే అది కళ్ళద్దాలు అడుగుతుంది, కళ్ళద్దాలు బూట్లు అడుగుతాయి, బూట్లు మోకాళ్ళకి పట్టీలు అడుగుతాయి. అరవై ఆరేళ్ళ మనిషి ఆదివారం పూట ఎండుటాకుల్లో బోర్లా పడుకుంటే, పక్క జిల్లా దోమలు కూడా రైలెక్కి వస్తాయి. ప్లాస్టిక్ గుండ్లు తగిలి ఆయన వీపు మీద కమిలిన మచ్చలు చూసి డాక్టరు పటం అనుకుని ఊళ్ళు వెతికాడట.

మరి ఫలం? ఆ ప్లాస్టిక్ గుండు మరక అంటించదు. తగిలిందో లేదో తగిలినవాడికే ఎరుక. వాడే చెయ్యెత్తి "హిట్" అని అరిచి తప్పుకోవాలి. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క తప్పూ తనదని ఒప్పుకోని ఇసొగాయ్, భుజాన ఆకు రాలినా చెయ్యెత్తేస్తాడు! ఇంత సత్యసంధత ఏ బడి నేర్పుతుంది?

చిన్న వెలితి ఒక్కటే. ఆయన భార్య కినుఎకి తల్లి ఇచ్చిన, ఊరగాయల కోసం ఉప్పేసి పులియబెట్టిన తవుడు కుండ ఒకటి ఉండేది. దోసకాయలూ ముల్లంగీ అందులోనే ఊరేవి. రోజూ చేత్తో కలపకపోతే ఆ తవుడు చచ్చిపోతుంది. ఆగస్టులో చెల్లెలింటికి వెళ్తూ ఆవిడ కుండని ఆయనకి అప్పజెప్పింది. ఆయన ఆటస్థలంలో కాపురం పెట్టాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి కుండ నిండా నల్లబూజు.

"ఈ ఏడు ఎండలు అలాంటివి," అన్నాడు.

"ఎండల సంగతి సూర్యుణ్ణి అడుగుతాను. మీరు కలిపారా లేదా?"

"ఎండలంటుంటే వినవేం?"

మూడు వారాలు ఇదే పాట. నాలుగో ఆదివారం ఆవిడ అద్దె తుపాకీ పట్టుకుని ఆటస్థలానికే వచ్చింది. పొద చాటున తెలిసిన వీపు కనపడింది. గురి తప్పలేదు.

"హిట్!" ఆయన చెయ్యెత్తాడు.

"ఏమండీ, ఎత్తిన చెయ్యి దించకండి. ఆ కుండ సంగతి కూడా ఒప్పేసుకోండి."

"చచ్చినవాడు మాట్లాడకూడదు. ఆట రూలు," అని గొణిగి జారుకున్నాడు.

ఆవిడ రూలు మీరే మనిషి కాదు. సాయంత్రం ఆయన ముందు గిన్నెడు అన్నం పెట్టి, చచ్చినవాళ్ళకి పెట్టినట్టే చాప్‌స్టిక్‌లు నిలువునా గుచ్చింది. పక్కన అగరొత్తి వెలిగించింది. ఊరగాయ ముక్క లేదు.

ఇసొగాయ్ ఆ అన్నంకేసి చూశాడు. కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది.

అయ్యలారా, తుపాకీ ఎవరి చేతికివ్వాలని మొదట్లో అన్నానో, ఆ ఒక్క మాటా కాస్త దిద్దుకుని చదువుకోండి.