అలుగు పాస్‌వర్డు

ఒక పెద్ద అడవిలో ఒక అలుగు ఉండేది. ఒళ్ళంతా పెంకులు, పక్కన ఎవరైనా దగ్గినా బంతిలా చుట్టేసుకునే రకం. ఆ అలుగు నేనే. దాచుకోడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి చెప్పేస్తున్నా.

మా అడవిలో అందరికీ సెల్‌ఫోన్లు వచ్చాక నాకు భయం పట్టుకుంది. నిజానికి భయం ముందునుంచీ ఉంది, ఫోనొచ్చాక దానికో పని దొరికింది. టార్చిలైటు యాప్ వేసుకుంటే అది నా బొరియ ఎక్కడుందో చెప్పమంది. వెలుగివ్వడానికి దానికి నా అడ్రసెందుకు? అక్కడ మొదలైంది. కెమెరా మీద బంకమట్టి పూశా. లొకేషన్ ఆపేశా. దాంతో ఇంటిదారి తెలీక ఎలుగుబంటి గుహలో దూరి తన్నులు తిన్నా. పుట్టినతేదీ ఎవరడిగినా అబద్ధమే చెప్పా.

అంతటితో ఊరుకున్నానా, అందరికీ క్లాసులు పీకేవాణ్ణి. పక్క బొరియ కుందేలు పిన్ని 'ఫ్యామిలీతో వాగుకి వెళ్తున్నాం' అని ఖాళీ బొరియ ఫొటోతో స్టేటస్ పెడితే తీసెయ్యమని గొడవపడ్డా.

"అందరూ చూడాలనే కదరా పెట్టింది" అంది పిన్ని.

అందరూ చూశారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి దాచుకున్న దుంపలన్నీ పోయాయి. తిన్న అడవిపంది ఆ స్టేటస్‌కి లైకు కూడా కొట్టింది. పిన్ని ఏడుస్తుంటే, నేను చెప్పిందే నిజమైందని నేను పొంగిపోయా. అదీ నా సంస్కారం.

సరిగ్గా అప్పుడే నోటిఫికేషన్ పడింది. ఫోన్లలో జంతువుల గుట్టు కాపాడటానికి ఓ అధికారి కావాలట. ఒకటే పోస్టు. డిగ్రీ అయ్యి ఇంట్లో పడున్న నాకోసమే పుట్టిన పోస్టనిపించింది. ఇది రాకపోతే మావయ్యతో కలిసి చీమల పుట్టలు తవ్వడానికి పోవాల్సిందేనని అమ్మ తేల్చి చెప్పేసింది.

అప్లై చెయ్యడానికి కోతి బుల్లెబ్బాయి నెట్ సెంటరుకి వెళ్ళా. మా అడవిలో ఎవరికి మెయిల్ కావాలన్నా బుల్లెబ్బాయే తయారు చేస్తాడు. పాస్‌వర్డూ ఆయనే పెడతాడు, అందరికీ ఒకటే. గుర్తుపెట్టుకోడం తేలికంటాడు. తేలికే, ఆయనకి. ఫోన్ నంబరు దగ్గర తన నంబరే కొట్టేస్తాడు. నా నంబరు బయటపడకుండా ఉంటుంది కదాని నేనూ సరేనన్నా. పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొస్తుందని 'చిన్నప్పుడున్న ఇంటికి పేరేంటి?' అని మెయిల్ వాళ్ళడిగితే, ఎవరూ వినకుండా బుల్లెబ్బాయి చెవిలో ఓ అబద్ధం చెప్పా.

ఇంటికొచ్చి పాస్‌వర్డ్ మార్చేశా. ఎవరూ ఊహించలేనంత పొడుగ్గా, అడ్డదిడ్డంగా పెట్టా. రాసుకుంటే ఎవరికైనా దొరుకుతుందని ఎక్కడా రాసుకోలేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే కాల్ లెటర్ కోసం మెయిల్ తెరవబోయా. ఎవరూ ఊహించలేనిది నేనూ ఊహించలేకపోయా.

పరిగెత్తుకుంటూ నెట్ సెంటరుకి పోతే అక్కడ ఇంత పొడుగు క్యూ. సంగతి చెప్పా. బుల్లెబ్బాయి తన ఫోన్ చూసి నా ఓటీపీ గట్టిగా చదివాడు. మెల్లగా చెప్పన్నా అని బతిమాలా.

"నీ వెనక నెమలిక్కూడా ఓటీపీ రావాలి తమ్ముడూ. ఎవరిదెవరిదో మీరే తేల్చుకోండి" అన్నాడు.

తర్వాత చిన్నప్పుడున్న ఇంటికి పేరేంటని మెయిల్ అడిగింది. అసలు పేరు కొడితే తప్పంది. నేను చెప్పిన అబద్ధమేంటో నాకే గుర్తురాలేదు.

"గంధర్వ మహల్ అన్నావు కదా. ఎవరికీ చెప్పొద్దన్నావు, అందుకే గుర్తుంది."

క్యూ అంతా నవ్వింది. మా ఇల్లు ఎండిన చెట్టు వేరు కింద బొక్క. అది అందరికీ తెలుసు.

ఎలాగో లెటర్ పట్టుకుని ఇంటర్వ్యూకి పోయా. బోర్డుకి పెద్ద ఏనుగు సారు. నా కాగితాల్ని ఓసారి, నన్నోసారి చూశాడు. సర్టిఫికెట్లో పుట్టినతేదీ ఒకటి, అప్లికేషన్లో ఇంకోటి. ఫొటోలో మొహం లేదు, బంతి ఉంది.

"భద్రత కోసం సార్" అన్నా.

"మంచిదే బాబూ. మరి నువ్వు నువ్వేనని ఎవరు చెప్తారు?"

జాగ్రత్తగా ఎవరికీ ఏమీ తెలీకుండా చేసుకున్నా కదా. ఎప్పటిలాగే బంతిలా చుట్టుకోబోతుంటే, గుమ్మం దగ్గర్నుంచి దగ్గు వినిపించింది. బుల్లెబ్బాయి. ఆయనా అదే పోస్టుకి అప్లై చేశాడట.

"ఇతను మనవాడే సార్" అని లోపలికొచ్చి నా అసలు పుట్టినతేదీ చెప్పాడు. అమ్మ నంబరు చెప్పాడు. క్యూలో నేను నోరు తెరుచుకుని కునుకు తీస్తుండగా తీసిన ఫొటో చూపించాడు. నా స్కాన్లన్నీ ఆయన ఫోన్లోనే ఉన్నాయి. పన్లోపనిగా బోర్డులో ముగ్గురి పాస్‌వర్డులు కూడా గుర్తుచేశాడు.

ఏనుగు సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మన ఆఫీసులో కూడా ఇంత సమాచారం లేదు. ఎవరి దగ్గరుందో వాళ్ళే కదయ్యా కాపాడాల్సింది" అన్నాడు. బోర్డంతా తలూపింది.

నేను నేనేనని రుజువైంది. ఉద్యోగం బుల్లెబ్బాయికొచ్చింది.

మొహం వేలాడేసుకుని బయటికొస్తుంటే ఆయనే వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "బాధపడకు తమ్ముడూ. నా కింద అసిస్టెంటు పోస్టుంది. అప్లికేషన్ నేనే నింపేస్తా."

పుట్టలు తవ్వడం కళ్ళముందు మెదిలింది. అయినా నాకూ కొన్ని సిద్ధాంతాలున్నాయి. షరతులన్నీ చదవందే ఒప్పుకోనని తెగేసి చెప్పా. చదువుకోమని ఫోన్ చేతికిచ్చాడు. వేలితో ఎంత తోసినా కిందకి పోతూనే ఉన్నాయి.

ఒప్పుకున్నా.

ఇందులో నీతంటూ ఉంటే ఇదే: గుట్టు ఎవరికీ చెప్పకు, చెప్పక తప్పకపోతే రేపు నీకు ఆఫీసరయ్యేవాడికే చెప్పు.