సుక్కమ్మ చేతిరాత

ఆ ఆదివారం మక్తల్ చర్చిలో బాలస్వామిని సంఘ పెద్దగా ఎన్నుకోవాల్సి ఉంది. అతని భార్య సుక్కమ్మ పొద్దున్నే తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి, రొట్టెలు కాల్చి, అనుదిన ధ్యానాల పుస్తకం తెరిచింది. నలభై దాటాక అదే పుస్తకంలోని అచ్చు చూసి అక్షరాలు దిద్దుకున్న మనిషి ఆమె. రోజూ ఆ పూట ధ్యానం చదివి, కింద మిగిలిన జాగాలో మనసులోని మాట రాసుకునేది. ఆ రాతలు దేవుడికి తప్ప ఇంకెవరికీ చూపలేదు.

తీరా చర్చికి వెళ్లి చూస్తే, పాస్టరు తన ధ్యానాల పుస్తకం మరిచిపోయి వచ్చాడు. "సుక్కమ్మా, నీది జర ఇయ్యమ్మా" అంటూ, ఆమె నోరు తెరిచేలోగానే అందుకుని, చదవమని బడి పంతులు విజేందర్ సారుకిచ్చాడు. పాత కళ్లద్దాల విజేందర్ సారుకు అచ్చుకూ చేతిరాతకూ తేడా తెలియలేదు. ఓపిక గురించిన ధ్యానం ముగించి, ఆగకుండా దాని కిందున్నదీ చదివాడు.

"ప్రభువా, నా పెనిమిటి ఇయ్యాల గూడ కూర బాగలేదని మూతి ముడిచిండు. నాకు ఓపిక ఇయ్యి. లేకుంటే ఆయనకు వండుడన్న నేర్పియ్యి."

"ఆమెన్!" అన్నారు ఆడవాళ్లంతా. మగవాళ్లంతా తలలు దించుకున్నారు.

పాస్టరు కళ్లు మూసుకుని, "ఎంత లోతైన మాట! ఇంకో పేజీ చదువుండ్రి సార్" అన్నాడు.

"పక్కింటామె నా పెద్ద వంట గంజు తీస్కపోయి ఆరు నెలలాయె..."

పక్కింటి మైసమ్మ ఏడుస్తూ లేచింది. "దేవుడు నాతోనే మాట్లాడుతున్నడు! గంజు రేపే ఇచ్చేస్త!"

సుక్కమ్మ పుస్తకం కోసం సగం లేచింది. సారు పేజీ తిప్పాడు.

"పాస్టరయ్య గంటన్నర ప్రసంగం చేసిండు. నాకు నిద్రొచ్చింది. తప్పు నాదా, ఆయనదా, నువ్వే చెప్పు."

పాస్టరు కళ్లు తెరిచాడు. "గీ పుస్తకం ఏ ఊళ్ల అచ్చేసిండ్రు?"

సారు పుస్తకాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. "అయ్యా, ఇది పెన్ను రాత!"

సుక్కమ్మ కొంగు ముఖానికి కప్పుకుంది. ఇక ఎన్నికా లేదు, ఇంట్లో శాంతీ లేదు అనుకుంది. బాలస్వామి లేచాడు.

"అది నా ఇంటామె రాత" అన్నాడు. "మొన్నటిదాంక వేలిముద్ర ఏసిన మనిషి. ఇయ్యాల సారే అచ్చనుకున్నడు! మీరందరు ఆమెన్ అన్నరు. సంఘ పెద్దకు నా పేరు కొట్టేయుండ్రి. ఆమె పేరు రాయుండ్రి."

ముందు పాస్టరే నవ్వాడు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. రిజిస్టరు తెచ్చి ముందు పెడితే, సుక్కమ్మ కొంగు తీసి, తల ఎత్తి, తన పేరు గుండ్రంగా, పూర్తిగా రాసింది.

ఆ వారమంతా మక్తల్‌లో ఎదురైన ప్రతివాళ్లూ ఆమెను ఎన్నడూ లేనంత మర్యాదగా పలకరించారు. ఈసారి ఎవరి ముచ్చట ఆ పుస్తకంలోకి ఎక్కుతుందో ఎవరికి తెలుసు!