నాలుగో తొట్టికి సంతాపం

ఆ రోజుకి అక్కయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా ల్యాబు తాళం తీయాలి, పన్నెండు తొట్లలోని చేపలను తూకం వేయాలి, ఒంటిగంటకు ఇంటికి పోయి అన్నం తిని ఒక గంట నడుం వాల్చాలి. రెండు నెలలుగా ఆదివారమనక, సెలవనక రెండు పూటలా చేపలకు మేత వేస్తున్న మనిషికి ఒక్క మధ్యాహ్నం నిద్ర పెద్ద కోరికేమీ కాదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది కానీ, దాన్ని వాడేవాళ్ళు లేరు. ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో పదేళ్ళు పనిచేసి, ముప్ఫై ఆరో ఏట ఆ ఉద్యోగం మానేసి, చేపల పెంపకం మీద ఎమ్మెస్సీలో చేరింది. తరగతిలో మిగిలినవాళ్ళంతా ఇరవై రెండేళ్ళవాళ్ళు. మొదటిరోజు ఎవరో "అక్కయ్యా, ఈ బెంచీ ఖాళీయేనా?" అన్నారు. వారం తిరిగేలోగా ఆ పిలుపు ప్రొఫెసర్ల దాకా పాకింది.

ఐస్ ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఆమె రోజూ ఒక దృశ్యం చూసేది. వేలెడంత కూడా లేని చేపలు లారీలకు లారీలు వచ్చి, ఐసు వేయించుకుని, మేత తయారుచేసే మిల్లుకు పోయేవి. చెరువులో ఒక పెద్ద చేపను పెంచడానికి సముద్రంలోని బుల్లి చేపలను పొడికొట్టి పెట్టడం ఆమెకు ఎంతకీ మింగుడుపడలేదు. అందుకే ఆమె పరిశోధన సూటిగా ఉండేది. ఆరు తొట్లలో చేపలకు మామూలు చేపపొడి మేత, మరో ఆరు తొట్లలో చేపలకు ఈగ పురుగులను ఎండబెట్టి కొట్టిన పొడి. ఒక్కో తొట్టిలో ఇరవై చేపలు. మూడు నెలలయ్యాక పురుగుల మేత తిన్నవి కూడా బాగా పెరిగి, ఒక్కటీ చావకుండా ఉంటే ఆమె గెలిచినట్టు.

తూకమంటే కూరగాయల తూకం కాదు. ప్రాణమున్న చేప త్రాసు మీద ఒక్క క్షణం నిలవదు. అందుకని నీళ్ళలో కాస్త లవంగ నూనె కలిపి వాటిని మత్తులో పడుకోబెట్టాలి. అవి పక్కకు ఒరిగి కదలకుండా ఉన్నప్పుడు చకచకా తూచి, మంచినీళ్ళ టబ్బులో వేస్తే పది నిమిషాల్లో లేచి ఈదుతాయి. లవంగ నూనెకు ఆమె ఎక్కడికీ పోనక్కర్లేదు. మొగుడు పళ్ళ డాక్టరు.

"పంటి నొప్పికి నేను చుక్కలు లెక్కబెట్టి వాడతాను. నువ్వు సీసాలు ఖాళీ చేస్తున్నావు," అన్నాడు ఆయన పొద్దున్న సీసా చేతికిస్తూ.

"మీ పేషెంట్లు అరుస్తారు. నా పిల్లలు అరవరు. వాటికి ఆ మాత్రం మర్యాద చెయ్యొద్దా?" అంది అక్కయ్య. ఇంట్లోనూ, ల్యాబులోనూ ఆమె చేపలను పిల్లలనే అనేది. ఆయనకూ అదే అలవాటైంది.

మూడో తొట్టి దాకా పని సాఫీగా సాగింది. మూడో తొట్టి చేపలను తూచి, టబ్బులో వేసేసరికి త్రాసులో బ్యాటరీ అయిపోయింది. అవి లేచేలోగా వచ్చేయొచ్చని ఆమె వరండా చివర ఉన్న స్టోరుకు వెళ్ళింది. స్టోర్‌కీపరు రెండు బ్యాటరీలకు మూడు కాగితాలు నింపించాడు.

సరిగ్గా ఆ సమయానికి ల్యాబులోకి బాబాయి వచ్చాడు. బాబాయి అంటే కొత్త అటెండరు. కొత్తంటే ఈ ల్యాబుకు కొత్త, అంతే. ముప్ఫై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసి, రిటైరవడానికి ఎనిమిది నెలలుందనగా పోయిన సోమవారమే బదిలీ మీద వచ్చాడు. లైబ్రరీలో ఆయన చేతికింద ఏదీ చచ్చిపోలేదు. ఇక్కడ టబ్బులో ఇరవై చేపలు పక్కకు ఒరిగి, కళ్ళు తెరిచి, కప్పు కేసి చూస్తున్నాయి. అన్నీ చచ్చిపోయాయనుకున్నాడు.

తర్వాత జరిగిందంతా అక్కయ్య ఆ సాయంత్రానికి ముక్కలుముక్కలుగా తెలుసుకుంది. వరసన పెట్టి చెప్పుకుంటే ఇలా జరిగింది.

బాబాయి ముందు గైడుకు ఫోన్ చేశాడు. అక్కయ్యకు గైడైన ప్రొఫెసరుగారు ఆ రోజు ఏదో సదస్సుకని బస్సులో పోతున్నారు.

"సార్, చేపలు పోయాయి."

"ఎక్కడికి పోయాయయ్యా?"

"పైకి పోయాయి సార్."

ప్రొఫెసరుగారికి చావుకంటే చదువు ముందు గుర్తొస్తుంది. చేపలు పైకి వచ్చాయంటే నీళ్ళలో గాలి చాలక నోళ్ళు తెరుస్తున్నాయన్నమాట. "అయితే ఆక్సిజన్ పెట్టు. ఆలస్యం చేశావంటే అన్నీ పోతాయి," అన్నారు. గాలి పంపుల స్విచ్చి వేయమని ఆయన ఉద్దేశం. బస్సు మలుపు తిరిగింది, ఫోన్ తెగిపోయింది.

ఆక్సిజన్ ఎక్కడుంటుందో బాబాయికి తెలుసు. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో ఉంటుంది. అక్కడికి ఫోన్ చేస్తే డాక్టరే ఎత్తాడు.

"సార్, చేపల ల్యాబు నుంచండి. అర్జంటుగా ఆక్సిజన్ కావాలి. అక్కయ్యగారి పిల్లలకి ఊపిరాడట్లేదు."

"ఎంతమందికి?"

ప్రశ్న కొంచెం తేడాగా అనిపించినా, బాబాయి వాదన పెట్టుకునే మనిషి కాదు. "ఇరవై సార్," అన్నాడు. తర్వాత అంబులెన్సుకు దారి చూపడానికి గేటు దగ్గరికి పరుగెత్తాడు.

డాక్టరుకు పళ్ళ డాక్టరు పాత స్నేహితుడు. అక్కయ్య ఈమధ్య తరగతిలో చిన్నవాళ్ళందరినీ వెంటేసుకుని తిరుగుతోందని విని ఉన్నాడు. ఆ పిల్లలే అనుకున్నాడు. సిలిండరు బండిలో పెట్టిస్తూనే, ఒక ఆప్తుడిగా, మొగుడికి మెల్లగా కబురు చెబుదామని ఫోన్ చేశాడు.

"కంగారుపడకు. మీ ఆవిడ ల్యాబులో పిల్లలకు ఊపిరాడట్లేదట. ఇరవై."

"ఇరవయ్యేనా? మిగతావి బాగానే ఉన్నాయా?" అన్నాడు పళ్ళ డాక్టరు. చేతిలో ఎవరిదో దవడ ఉంది.

"ఒరేయ్, నేను చెప్పేది అర్థమవుతోందా? ప్రాణాల మీదకొచ్చింది."

"పాపం, కష్టపడి పెంచింది. సరే, పోతే ఏం చేస్తాం. ఇంకో ఇరవై తెచ్చి వేసుకుంటుందిలే. నేనిక్కడ పన్ను మధ్యలో ఉన్నాను, తర్వాత మాట్లాడతా."

డాక్టరు ఫోన్ పెట్టేశాడు. మనుషుల్ని పట్టుకుని 'మిగతావి' అంటున్నాడు. పొద్దస్తమానం పళ్ళు పీకేవాడికి లోకమంతా ముప్ఫై రెండు కిందే కనబడుతుంది కాబోలు అనుకుని, ఈసారి రిజిస్ట్రారుకు ఫోన్ చేశాడు. "చేపల ల్యాబులో ఇరవైమంది పిల్లలకు ఊపిరాడటం లేదు. పోయే ప్రమాదం కూడా ఉందంటున్నారు," అన్నాడు.

రిజిస్ట్రారు నిదానస్థుడే. కానీ ల్యాబు, ఊపిరాడకపోవడం అనే రెండు మాటలు కలిస్తే ఎవరికైనా గ్యాసే గుర్తొస్తుంది. ఆయన గంట కొట్టించాడు. అన్ని బ్లాకులూ ఖాళీ చేయమన్నాడు. క్లాసులు రద్దు చేసి సెలవు ప్రకటించమన్నాడు. ఏడు నిమిషాల్లో ఆవరణలో ఒక్క విద్యార్థి మిగల్లేదు. పరీక్షలకు ఎన్నడూ అంత క్రమశిక్షణగా ఎవరూ కదల్లేదు.

సెలవు ఉత్తర్వుకు కారణం ఉండాలి కదా. టైపిస్టు అడిగితే ఆఫీసులో ఎవరో పెద్దమనసుతో, పోయారనే చెప్పారు. దాని ప్రకారం నోటీసు బోర్డు మీదకూ, అందరి ఫోన్లలోకీ ఒకటే వాక్యం వెళ్ళింది: "ఇరవై ప్రాణాలు కన్నుమూసినందుకు సంతాపంగా నేడు విశ్వవిద్యాలయానికి సెలవు."

ఇవేమీ తెలియని అక్కయ్య బ్యాటరీలతో తిరిగొచ్చేసరికి మూడో తొట్టి చేపలు హాయిగా ఈదుతున్నాయి. వాటిని వాటి తొట్టిలో వేసి, టబ్బులో నీళ్ళు మార్చి, పురుగుల మేత తినే నాలుగో తొట్టి చేపలను మత్తులో పెట్టింది. గంట మోగింది కానీ, ఆ గంట తరగతుల మధ్య కూడా మోగుతూనే ఉంటుంది. ఇరవై చేపలనూ తూచి, కాగితం మీద రాసి, టబ్బులో వేసి తల ఎత్తేసరికి గుమ్మంలో సిలిండరు కనిపించింది. దాని వెనక నర్సు, డాక్టరు, ఆయాసపడుతూ బాబాయి.

"పేషెంట్లు ఎక్కడ?" అంది నర్సు.

బాబాయి తల వంచుకుని టబ్బు చూపించాడు.

నర్సు చేతిలోని మాస్కునూ, టబ్బులోని చేపలనూ మార్చిమార్చి చూసింది. "చిన్నపిల్లల సైజే తెచ్చాను. ఇంత చిన్నది మా దగ్గర ఉండదు," అంది.

డాక్టరు ఏదో అనబోయేలోపు రిజిస్ట్రారు లోపలికి వచ్చాడు. ముక్కుకు తడి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వెనక ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలుచున్నారు.

"ఏదో వాసన వస్తోంది. విషమా?"

"లవంగ నూనె సార్," అంది అక్కయ్య. "పంటి నొప్పి మందు."

"విద్యార్థులేరి?"

"తొమ్మిదిన్నర దాకా నేనొక్కదాన్నే సార్. ఇప్పుడు మీరంతా వచ్చారు."

విషయం బయటపడటానికి రెండు నిమిషాలు పట్టింది. బాబాయి చెప్పింది డాక్టరూ, డాక్టరు చెప్పింది రిజిస్ట్రారూ ఒప్పుకున్నారు. అబద్ధం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. రిజిస్ట్రారు రుమాలు జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే ఆయన ఫోన్ ఆగకుండా మోగుతోంది. అవతల తల్లిదండ్రులు. ఇరవై ప్రాణాలు ఎవరివని అడుగుతున్నారు.

"అమ్మా, పిల్లలందరూ క్షేమం. చేపలండీ, చేపలు. అవునండీ, చేపలకే సెలవిచ్చాం," అని నలుగురికి చెప్పాక ఆయన అలసిపోయి, టైపిస్టుకు ఫోన్ చేశాడు. సవరణ ఉత్తర్వు ఒకటి తప్పదు. "ప్రాణాలు అని ఉన్నచోట చేపలు అని కొట్టు. ఇరవై చేపలు కన్నుమూసినందుకు..."

"కన్నుమూసినందుకు అనకూడదేమో సార్," అంది అక్కయ్య. "చేపలకి రెప్పలుండవు. మూయలేవు. అసలవి చావనే..."

రిజిస్ట్రారు ఆమెను ముగించనివ్వకుండా గౌరవంగా తలూపాడు. ఆ పొద్దున్న ఆయనకు దొరికిన మొదటి కచ్చితమైన సమాచారం అదే. "సబ్జెక్టు మనిషి చెప్పాక తిరుగేముంది. మరణించినందుకు అని మార్చు. నాలుగో తొట్టి అని కూడా వెయ్యి, స్పష్టంగా ఉంటుంది."

సవరణ అందరి ఫోన్లలో ట్రింగుమంది. అదే క్షణాన టబ్బులో ఒక చేప తోక ఆడించింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే ఇరవై చేపలూ నిటారుగా లేచి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

"బతికాయి," అన్నాడు బాబాయి.

"చావలేదు బాబాయ్. పడుకోబెట్టాను, అంతే."

రిజిస్ట్రారు టబ్బు మీదికి వంగి, ఈదుతున్న చేపలను చూశాడు. "చూడమ్మా, ఒక ఉత్తర్వును రోజుకొకసారి సవరించడానికే నాకు అధికారం ఉంది. ఇవాళ్టిది అయిపోయింది," అన్నాడు.

"మరి రేపు సవరిస్తారా సార్?"

"సెలవు ఇవాళ కదా. రేపు సవరిస్తే కారణం లేని సెలవవుతుంది."

బాబాయి ఆ పూటంతా ఒక స్టూలు మీద కూర్చుని తొట్లు కాపలా కాశాడు. అక్కయ్యకు ఆయన మీద కోపం వచ్చిందో లేదో తెలియలేదు కానీ, మిగిలిన ఎనిమిది తొట్లూ తూచేటప్పుడు మాత్రం ప్రతిసారీ "ఇప్పుడు పడుకోబెడుతున్నాను బాబాయ్" అని ముందే చెప్పింది. ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మొగుడు సోఫాలో కూర్చుని, "ఎన్ని పోయాయి?" అన్నాడు.

"కాగితం మీద ఇరవై," అంది.

మర్నాడు ఆమె ఒక అర్జీ రాసింది. నాలుగో తొట్టి చేపలు బతికే ఉన్నాయని, తన పరిశోధనకు అవి బతికి ఉండటమే ప్రాణమని, దయచేసి వాటి మరణాన్ని రద్దు చేయాలని. దాన్ని సంతకానికని సదస్సు నుంచి వచ్చిన గైడు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చదివి బల్ల మీద బోర్లా పెట్టారు.

"కరెంటు పోతే గాలి పంపులు ఆగిపోతున్నాయి, జనరేటరు కావాలని నేను మూడేళ్ళుగా రాస్తున్నానమ్మా. ఇంతవరకు నష్టమేమీ జరగలేదు కనుక అవసరం లేదని తిప్పి పంపేవాళ్ళు. నిన్న సాయంత్రం మంజూరైంది. నష్టం జరిగిందిగా."

"కానీ అవి చావలేదు సార్."

"ఒక జనరేటరు వచ్చేదాకా చావనీ అమ్మా."

అక్కయ్య ఆలోచించింది. జనరేటరుంటే రెండు వందల నలభై చేపలకూ మేలే. అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది. కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. "థీసిస్‌లో నేను ఉన్నదే రాస్తాను సార్. నాలుగో తొట్టిలో ఒక్కటీ పోలేదని రాస్తాను."

"రాయి. థీసిస్‌లు ఆఫీసువాళ్ళు చదవరు," అన్నారు గైడు.

ఆఫీసువాళ్ళు చదవని మాట నిజమే. కానీ ఎంత జాగ్రత్తగా పని చేస్తారంటే, థీసిస్‌ను బయటి పరీక్షకుడికి పంపేటప్పుడు ఆ పరిశోధనకు సంబంధించిన కాగితాలన్నీ వెతికి తీసి, దానికి జతచేసి మరీ పంపారు.

మౌఖిక పరీక్ష రోజున ఆ పరీక్షకుడు, జుట్టంతా నెరిసిన పెద్దాయన, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాడు. ఒకటి అక్కయ్య పట్టిక. రెండోది సంతాప ఉత్తర్వు.

"నాలుగో తొట్టి చేపలు అరవయ్యో రోజున మరణించినట్టు మీ విశ్వవిద్యాలయం ముద్ర వేసి చెబుతోంది. తొంభయ్యో రోజున సగటున ముప్ఫై గ్రాములు పెరిగినట్టు మీరు చెబుతున్నారు."

గైడు కిటికీలోంచి బయటికి చూశారు. కొత్త జనరేటరు అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది.

"రెండూ కాగితాలే సార్," అంది అక్కయ్య. "కానీ చేపల్ని చూసి రాసింది నాదొక్కటే. తొట్టి పక్క గదిలోనే ఉంది. వచ్చి లెక్కపెట్టుకోండి."

పెద్దాయన లేచి పక్క గదిలోకి వెళ్ళాడు. వంగి, కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఇరవై. లావుగా, నున్నగా, ఆకలిగా ఉన్నాయి. తిరిగొచ్చి కలం తీశాడు. పట్టా ఇవ్వవచ్చునని సిఫారసు చేశాడు. ఆఫీసు ముద్రను కాదనే అధికారం ఆయనకూ లేదు, తన కళ్ళను కాదనే అలవాటూ లేదు. అందుకని నివేదిక చివర ఒక వాక్యం చేర్చాడు.

"పురుగుల మేత చేపలకు మరణానంతరం కూడా చక్కగా ఒంటబడుతున్నది."