ఏబేలు సైకిల్ టైం

ఆ సోమవారం పొద్దున ఏబేలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది: మధ్యాహ్నం దాకా దగ్గకుండా రాయి కోయడం. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రెండు కోత మిషన్లుంటే ఒకటి అతనిది. రాతిదుమ్ము మింగీ మింగీ అతని ఛాతీలోనే ఒక చిన్న క్వారీ తయారైంది. ఏబేలు దగ్గితే పలకలు వాటంతటవే వరసలో సర్దుకుంటాయని చెప్పుకుంటారు. అందులో సగమైనా నిజమే.

ఓనరు కొడుకు శరత్‌చంద్ర చెన్నైలో ట్రైనింగు అయ్యి, స్టాప్‌వాచీతో దిగి, గోడకొక బోర్డు తగిలించాడు. ఒక పలక కోయడానికి పట్టే సమయాన్ని అతని చదువులో సైకిల్ టైం అంటారు. ఆ సంగతి విడమరిచి చెప్పడం అతనికి వేస్టుగా తోచింది.

"ఏబేలూ, నీ సైకిల్ టైం బాగా ఎక్కువుంది. శనివారానికి తగ్గకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం."

ఏబేలు రోజూ తర్లుపాడు నుంచి సైకిలు మీదే వస్తాడు. "ఎదురుగాలి చిన్నసారూ," అన్నాడు.

"వంకలు చెప్పొద్దు."

మర్నాడు మడ్‌గార్డులు, స్టాండు, బెల్లు పీకేసి తొక్కాడు. దారిలో బస్సును దాటేశాడట. బస్సు ఆగి ఉందన్న మాట చెప్పినవాళ్లు చెప్పలేదు. మిషన్ దగ్గరకొచ్చేసరికి ఊపిరందక కూలబడ్డాడు. శరత్ వాచీ చూసి, "ఇంకా పెరిగింది గదయ్యా!" అన్నాడు.

ఆ మర్నాడు రోజూ వెనక కూర్చుని వచ్చే శ్రీశైలమ్మను దించేశాడు.

"ఏందన్నా, ఇయ్యాల బరువైనానా?"

"పని పోతాదమ్మా. సైకిలు టైం తగ్గాలంట."

ఆమె నడిచి వచ్చేదాకా పలకలకు చట్రం బిగించే దిక్కులేదు. కోసినవన్నీ గుట్టపడి ఏబేలు మిషనుకే అడ్డమొచ్చాయి. బోర్డు మీద అతని టైం చూపే ఎర్రగీత ఇంకా పైకి పాకింది.

చివరికి సైకిలు అమ్మేసి ఆటోలో దిగాడు. "ఇంక సైకిలే లేదు సారూ. టైం యాడిది?"

శరత్ వినలేదు, వాచీ చూస్తున్నాడు. తొక్కుడు తప్పి ఊపిరి మిగిలిన ఏబేలు ఆ పూట దగ్గకుండా కోశాడు. టైం సగానికి పడింది. శ్రీశైలమ్మ చప్పట్లు కొట్టింది.

శనివారం ఓనరు చంద్రశేఖరరావు బోర్డు చూసి మురిసిపోయాడు. "ఇంత బిరీన కోస్తా ఉంటే రెండు మిషన్లెందుకురా? ఒక మనిషిని తీసెయ్."

"ఎవర్ని నాయనా?"

"దగ్గేటోణ్ణి."

తరువాతి వారం బోర్డు మీద ఏబేలు సైకిల్ టైం సున్నా. ఫ్యాక్టరీలో అంత తక్కువ ఎవరికీ రాలేదని శరత్ దాని చుట్టూ పచ్చగీత గీశాడు.